మోయువారు నలుగురు, కూర్చుండువారెవరు?

మన పల్లెలలో ఒక మరణము సంభవించినచో పిలువకుండనే జనము వచ్చును. వెదురు తెచ్చువారు, తాళ్ళు పేనువారు, కుండ తెచ్చువారు, పాడెకు భుజము పట్టు నలుగురు, ఎవరి పని వారికి చెప్పనక్కర లేదు. పాతకక్షలు మరచి వచ్చువారు కొందరు. బెంగళూరు బస్సు దిగి, ఇంటికైనను పోక, నేరుగా చావింటికి వచ్చువారు కొందరు. ఇది మన జాతి గొప్పతనమే. దీనిని మేము తక్కువ చేయము.

కాని ఒక్క ప్రశ్న అడుగక తప్పదు. ఆ మనిషి మరణించుటకు ముందు మూడు మాసములు మంచము పట్టి యుండెను గదా. అప్పుడీ జనమంతయు ఎక్కడ నుండిరి? మనమొక సాయంకాలము పోయి, నాలుగు బత్తాయిపండ్లు దిండు ప్రక్కన నుంచి, "ధైర్యంగా ఉండు, తగ్గిపోతుందిలే" అని ఒక అబద్ధమాడి, కాఫీ త్రాగి లేచి వచ్చితిమి. అంతటితో పరామర్శ ముగిసినది. తిరిగి మనమా ఇంటి గడప త్రొక్కినది శవమును మోయుటకే. చచ్చినవానిని మోయుటకు నలుగురము సిద్ధము. బ్రతికియున్నవాని ప్రక్కన కూర్చుండుటకు ఒక్కరును లేము. ఈ లోపమును ఎత్తిచూపుటకే ఈ మాటలు వ్రాయుచున్నాము. ఇవి పండుగ సంచికలో తీయగా నుండవలసిన మాటలు కావని ఎరుగుదుము. ఐనను పండుగనాడే చెప్పవలెను. ఆనాడే కదా మనమందరము ఒకచోట చేరునది!

మేమీ మాట నిడుగల్లును తలచుకొని చెప్పుచున్నాము. పావగడ తాలూకాలోని ఆ కొండకోటను చూచినవారు మనలో అనేకులు కలరు. ఆ పేరే మన కథ చెప్పును. "నిడు" అనగా పొడవైనది, "కల్లు" అనగా రాయి. తెలుగు ఇల్లాలు సన్నెకల్లు అన్నను, కన్నడ ఇల్లాలు కల్లు అన్నను, రాయి ఒక్కటే. నిడుగల్లు చోళులని చరిత్రకారులు పేర్కొను వంశము నిడుగల్లును, హెంజేరును ఏలినది. ఆ హెంజేరే నేటి హేమావతి. అది నేడు ఆంధ్రప్రదేశమున శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది; నిడుగల్లు కర్ణాటకమున తుమకూరు జిల్లాలో నున్నది. ఒకే వంశము ఏలిన రెండు చోట్ల నడుమ నేడు రాష్ట్రముల హద్దు పోవుచున్నది. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడును, 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినపుడును పావగడ ఈవలనే నిలిచినది. దాదాపు మూడు దిక్కుల ఆంధ్రభూమి చుట్టుకొని యుండగా, ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును మాట్లాడుచు మనము బ్రతుకుచున్నాము. ఇందులో మనకు కొరతయు లేదు, సిగ్గును లేదు.

కాని వానలు మొగము చాటువేయు సీమ మనది. చదువుకొన్న పిల్లలు బెంగళూరు చేరిరి. చదువుకొననివారును ఆటోలు నడుపుటకు, కట్టడపు పనులకు అక్కడికే చేరిరి. తిరుమణి పరిసరములలో సుమారు 13,000 ఎకరములు సౌర విద్యుత్కేంద్రమునకు కౌలుకు పోయినవి. ఊరిలో మిగిలినది ముసలివారు. వారికి పెద్ద రోగము వచ్చినచో వారును ఆ బస్సే ఎక్కి, సుమారు 150 కిలోమీటర్లు పోయి, ఎరుగని ఊరిలో, ఎరుగని మంచముపై పండుకొనవలసినదే.

కొన్ని యేండ్ల క్రిందట అట్టి మంచము నొకదానిని మేము చూచితిమి. బంధువు నొకరిని చూచుటకై పావగడలో తెల్లవారుజామున బస్సెక్కి బెంగళూరులోని ఒక ఆసుపత్రికి పోయితిమి. మా బంధువు ప్రక్క మంచముపై నిడుగల్లు దిక్కు వృద్ధు డొకడు ఉండెను. ఆయనకు నయమగు దశ దాటినదని అందరికిని తెలియును. ఆయనకు మాత్రము ఎవ్వరును చెప్పలేదు. కొడుకు పగలంతయు పనిలో నుండి రాత్రి వచ్చును. ఆ వృద్ధుడు మంచము దగ్గరకు వచ్చిన ప్రతివారిని ఒకే మాట అడుగుచుండెను: "వాన పడిందా?" నర్సు మలయాళ దేశపు పిల్ల, ఆమెకు అర్థము కాదు. డాక్టరు కన్నడిగుడు, "మాతాడబేడి అజ్జా, రెస్ట్ తగొళ్ళి" అని ప్రేమగానే చెప్పి పోయెను. వృద్ధునకు కన్నడము రాదని కాదు. కచేరీలలో, సంతలలో జీవితమంతయు మాట్లాడినవాడే. కాని రోగము ముదిరినకొలది ఆయన వెనుకకు నడచి, తల్లి నేర్పిన మాటల దగ్గరకు చేరుకొన్నాడు.

మమ్మును చూచి కూడ అదే అడిగెను: "వాన పడిందా నాయనా?"

"ఇంగా లేదు తాతా. మోడాలొచ్చి పోతాండాయి" అని, ఆ ఉదయము కన్నులారా చూచినదే చెప్పితిమి.

ఆయన మా వంక చాలసేపు చూచెను. "ఏ దిక్కు మోడాలు?"

"పడమర దిక్కు తాతా."

"అట్లయితే రెండు దినాలు చూడల్ల. అంతవరకు ఇత్తనం దింపొద్దని చెప్పు మా పిల్లోనికి."

ఆ పిల్లవాడు విత్తనము పట్టి పదియేండ్లు దాటినది. అది ఆయనకు తెలియకయు కాదు. కాని అటు పిమ్మట రెండు గంటలసేపు ఆయన చెనిక్కాయ పంట గూర్చి, ఎండిన చెరువు గూర్చి, అమ్మివేసిన ఎద్దుల గూర్చి చెప్పుచు పోయెను. మేము వినుచు కూర్చుంటిమి. ఆ రెండు గంటలును ఆయన రోగి కాడు, రైతు. సలహా అడుగదగిన పెద్దమనిషి. ఆ వార్డులో మందులకు లోటు లేదు, దయకును లోటు లేదు. "మోడము" అను మాట ఎరిగినవారే కరవైరి. ఆ మాట తెలుగా, కన్నడమా అని పండితులు తేల్చుకొందురు గాక. మా ఇండ్లలో అది మబ్బునకు పేరు. ఆయనకు కావలసినది ఆ పేరే.

ఇట్లు కూర్చుండుటను యాదృచ్ఛికముగా గాక, శిక్షణ పొంది, వంతుల ప్రకారము, ఏ జీతమును కోరక చేయువారిని హాస్పిస్ వాలంటీర్లు అందురు. నయము కాని రోగము వచ్చినవారికి బాధ తగ్గించి, కడపటి దినములను గౌరవముతో గడుపనిచ్చు ఆశ్రయమే హాస్పిస్. ఈ ఉద్యమము పుట్టిన తీరు మనవంటి అల్పసంఖ్యాకులు తప్పక తెలిసికొనవలసినది. 1948లో లండనులో డేవిడ్ టాస్మా అను పోలండు దేశపు యూదుడు క్యాన్సరుతో మరణించుచుండెను. వార్సా నగరమునుండి వలసవచ్చి హోటలు పని చేసినవాడు. తనవారెవ్వరును దగ్గర లేరు. ఆసుపత్రిలో సమాజసేవికగా నుండిన సిసిలీ సాండర్స్ అను యువతి ఆయన దగ్గరకు వచ్చి కూర్చుండెడిది. ఒకనాడాయన ఊరటనిచ్చు మాట యేదైన చెప్పుమనగా, ఆమె కంఠస్థమైన ప్రార్థన నొకదానిని చెప్పి, పుస్తకము తెచ్చి ఇంకను చదువుదునా అనెనట. వలదు, నీ మనసులోను హృదయములోను ఉన్నదే చాలునని ఆయన అనెనట. తన వద్దనున్న 500 పౌనులను, ఆమె ముందు కట్టబోవు ఇంటిలో తానొక కిటికీగా ఉందునని చెప్పి, ఆమెకు విడిచిపోయెను. ఆమె పిదప వైద్యవిద్య చదివి, 1967లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను స్థాపించెను. పరదేశములో, పరభాష నడుమ, ఒంటరిగా మరణించిన ఒక పేదవాని మంచము ప్రక్కన ఈ ఉద్యమము మొలకెత్తినది. బెంగళూరు వార్డులో వానకై అడిగిన మన తాతకును, ఆ టాస్మాకును ఎంత దూరము?

మన దేశమున మదర్ తెరిసా 1952లో కలకత్తా కాళీఘాట్‌లో దిక్కులేనివారి అవసానకాలమునకు నిర్మల్ హృదయ్ తెరచినది. 1986లో బొంబాయిలో శాంతి అవేదన సదన్ క్యాన్సర్ రోగులకు హాస్పిస్‌గా వెలసినది. బెంగళూరులో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ కర్ణాటక శాఖవారును, ఇందిరానగర్ రోటరీవారును కలిసి 1994లో ట్రస్టు నేర్పరచిరి. ఆ ట్రస్టువారి కరుణాశ్రయము 1999 నుండి మారతహళ్ళి దగ్గర రోగులవద్ద రుసుము గొనక నడచుచున్నది. హైదరాబాదులో బంజారాహిల్స్ రోటరీవారు 2011లో స్పర్శ్ హాస్పిస్‌ను ఆరంభించిరి. అన్నిటికంటె మనకు పాఠము చెప్పునది కేరళము. 1993లో కోళిక్కోడులో కొందరు వైద్యులు ఆరంభించిన ఉపశమన సేవ 2000 ప్రాంతమునుండి ఇరుగుపొరుగువారి చేతికి వచ్చినది. వారమునకు రెండు గంటలు ఇవ్వగలవారికి 16 గంటల తరగతులు, కొన్ని దినములు రోగుల ఇండ్లలో పెద్దల వెంట శిక్షణ, అంతే. బడిపంతులు, అంగడివాడు, గృహిణి, విద్యార్థి ఈ సేవకులైరి. 2008లో కేరళ ప్రభుత్వము దీనినొక విధానముగా ప్రకటించినది. మలయాళీలకు వారమునకు రెండు గంటలు దొరికినవి. మనకు దొరకవా?

దొరకవని చెప్పుటకు మనవారికి కారణములు చాల కలవు. ఒక్కొక్కటిగా చూతము.

"అది చావుల ఇల్లు, శుభకార్యములు చేసికొను సంసారులు అడుగు పెట్టరాదు" అను మాట మొదటిది. ఈ మాట అను పెద్దలే ఏటేట భాగవత సప్తాహము చేయింతురు. భాగవతమనగా నేమి? ఏడు దినములలో మరణించుట నిశ్చయమని తెలిసిన పరీక్షిత్తు ప్రక్కన కూర్చుండి శుకుడు చెప్పిన మాటలు. శుకుడు "తగ్గిపోతుందిలే" అనలేదు. బత్తాయిపండ్లు ఇచ్చి లేచిపోలేదు. ఏడు దినములును కూర్చుండెను. పోతన పద్యములను సభలలో రాగము తీసి చదువుకొను జాతికి, ఆ పద్యములు పుట్టిన చోటు మరణశయ్య అని ఎవరు గుర్తు చేయవలెను? కథ వినుట శుభము, కథలోని పని చేయుట అశుభము అనునది ఏ శాస్త్రము?

"మా పెద్దలను మేమే చూచుకొందుము, పరుల చేతిలో పెట్టము" అనునది రెండవది. వినుటకు ఎంతయో గంభీరముగా నున్నది. ఆ "మేమే" అను మాటలో నున్న మేము ఎవరు? నూటికి తొంబది ఇండ్లలో ఆ "మేము" ఒక కోడలో, ఒక కూతురో. రాత్రి నాలుగుమార్లు లేచునది ఆమె. పక్కబట్టలు ఉతుకునది ఆమె. "సరిగా చూచుకొనుటలేదు" అని బంధువులచేత మాటపడునది కూడ ఆమెయే. వీధి అరుగుమీద కూర్చుండి "మేమే చూచుకొందుము" అని మీసము దువ్వు పెద్దమనిషి, గిన్నెడు గంజి స్వయముగా పట్టిన దినమొక్కటి చూపవలెను. వాలంటీరు వచ్చుట ఆ ఇంటి పరువు తీయుటకు కాదు. ఆ ఇల్లాలికి రెండు గంటల నిద్ర ఇచ్చుటకు. ఇంటివద్దనే సేవ చేయు పద్ధతియు నున్నది. మనిషిని ఇల్లు కదల్పనక్కర లేదు.

"మాకు వైద్యము తెలియదు" అనునది మూడవది. తెలియనక్కర లేదు. వాలంటీరు మందు ఇవ్వడు, మాన్పడు, నయమగునని ఆశ చూపడు, తన మతమును బోధింపడు, రోగి చెప్పిన రహస్యమును వీధికి తేడు. ఆరిన పెదవులను తడిగుడ్డతో అద్దును. పత్రిక చదివి వినిపించును. మనుమనికి ఫోను కలిపి ఇచ్చును. తల దువ్వును. మౌనముగా నుండవలసినపుడు మౌనముగా నుండును. అన్నిటికంటె కష్టమైన పని ఈ కడపటిదే. మనవారికి మరింత కష్టము!

"రోగికి నిజము తెలియరాదు, తెలిసిన గుండె పగులును" అనునది నాలుగవది. బలవంతముగా చెప్పుమని ఎవ్వరును అనరు. కాని అడిగినపుడు మాట దాటవేయుట వేరు పాపము. కొడుకునకు తెలియును, తండ్రికి తెలియును. ఒకరికొకరు తెలియనట్లు నటింతురు. ఆ నాటకములో పొలము పత్రము గూర్చిన మాట మిగిలిపోవును, పాత తగవునకు క్షమాపణ మిగిలిపోవును, "నీవు మంచి కొడుకువు" అను ఒక్క వాక్యము మిగిలిపోవును. గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. తీర్పు కోర్టు చెప్పగలదు. మంచము ప్రక్కకు కుర్చీ లాగికొని కూర్చుండుట కోర్టు పని కాదు గదా!

ఇక ఈ సేవ చేసినవారికి దక్కునదేమి? ఈ ప్రశ్న అడుగుటకు సిగ్గుపడనక్కర లేదు. కాని సామాన్యముగా చెప్పు సమాధానములు మాకు నచ్చవు. "పుణ్యము వచ్చును" అందురు. మరణించువానిని మన పుణ్యపు ఖాతాలో జమగా వ్రాసికొనుట వానికి అవమానము. "మనశ్శాంతి కలుగును" అందురు. కొన్ని సాయంకాలములు కలుగదు. ఇంటికి వచ్చి అన్నము సహింపని రాత్రులుండును. శాంతికొరకే పోవువారు మూడవ వారమున మానివేయుదురు. ఫోటో తీయించుకొని పత్రికలో వేయించుకొనువారిని గూర్చి వ్రాయుట కాగితము దండుగ.

నిజముగా దక్కునవి వేరు. అంపశయ్యమీద భీష్ముడు పడియుండగా ధర్మరాజు పోయి ప్రక్కన కూర్చుండెను. ఎవరికి లాభము కలిగినది? శాంతిపర్వమంతయు కూర్చున్నవానికి దక్కిన ధనమే. పోవువారికి చెప్పవలసినది చాల నుండును. వినువాడు అడిగినంత ఇత్తురు. వినుట నేర్చినవాడు తన ఇంటిలో భార్య మాటను కూడ మొదటిసారి వినును. ఇది మొదటి ఫలము.

రెండవది, తన ఇంటికి కష్టము వచ్చిననాడు అతడు గ్రుడ్డివాడు కాడు. నొప్పి భరించుట కర్మఫలమని ఊరకుండడు. క్యాన్సర్ నొప్పికి నోటిద్వారా ఇచ్చు మార్ఫిన్ సరియైన మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో, విషము కాదని ఎరుగును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పి తగ్గించు మెట్లను ప్రకటించినదనియు, మన పార్లమెంటు 2014లో చట్టము సవరించి ఆ మందు దొరకుటకు దారి సుళువు చేసినదనియు ఎరుగును. ఎరిగి, తన తల్లికొరకు అడుగగలుగును. తెలియక అరచి అరచి పోయినవారి ఇండ్లు మన వీధులలో ఎన్ని లేవు!

మూడవది మన సంఘమునకు సంబంధించినది. మన భాష నిలువవలెనని ప్రతి ఉగాదికిని తీర్మానము చేయుచున్నాము. కవిసమ్మేళనము, నాటకము, హరికథ జరుపుచున్నాము. జరుపవలసినవే. కాని భాష నిజముగా ఎవరికి ప్రాణావసరమో వారివద్దకు మనము పోవుటలేదు. వేదికమీది శ్రోతకు తెలుగు ఒక వేడుక. వార్డులోని తాతకు, అవ్వకు అది ఊపిరి. మన పిల్లలు అట్టి అవ్వ ప్రక్కన వారమునకు రెండు గంటలు కూర్చున్నచో, ఏ పాఠశాలయు నేర్పని తెలుగు వారికి వచ్చును. "మోడము" అననేమో, "ఇత్తనము దింపుట" అననేమో నిఘంటువు చూడనక్కర లేదు. ఇచ్చుటకు పోయినవారు పుచ్చుకొని వత్తురు.

కావున మన సంఘమువారిని మేము కోరునది స్వల్పము. వచ్చు ఉగాదికి పట్టుశాలువలు రెండు తగ్గింపుడు. మనలో వారమునకు రెండు గంటలు ఇవ్వగల పదిమంది పేర్లు వ్రాయుడు. వారిని బెంగళూరులోని హాస్పిస్‌లలో ఒకదానికి శిక్షణకు పంపుడు. మన జిల్లాలనుండి వచ్చి తెలుగు తప్ప మాట్లాడలేని రోగి యున్నచో కబురు చేయుమని అక్కడివారిని వేడుడు. ఊరిలో నున్నవారు ఊరిలోనే మొదలుపెట్టుడు. పావగడలో శ్రీరామకృష్ణ సేవాశ్రమమువారు కుష్ఠరోగులకు, క్షయరోగులకు సేవచేసి చూపినారు. తాకరాదని లోకమన్నవారిని తాకిన తాలూకా మనది. మంచము దగ్గర కూర్చుండుటకు జంకవలెనా?

ఒక హెచ్చరిక. తెలుగువారి ప్రక్కననే కూర్చుందుమని ఎవరైన అన్నచో వారిని పంపవలదు. కన్నడ అజ్జి చేయి చాచినచో ఆమె చేయియు పట్టుకొనవలెను. మనకా భాషయు వచ్చును గదా; ఈ సీమ మనకు పెట్టిన కట్నమది. రెండు భాషలు వచ్చినవాడు రెండు మంచముల నడుమ కుర్చీ వేసికొనవచ్చును.

ఆ నిడుగల్లు తాత మేము తిరిగి పోవునప్పటికి ఆ మంచముపై లేడు. ఆయన పాడె మోయుటకు ఊరివారందరును వచ్చిరని విన్నాము. సంతోషమే. వాన పడినదా అని ఆయన అడిగిన మూడు వారములలో ఊరివారిలో ఒక్కరైన వచ్చి జవాబు చెప్పియుండిరా అని మాత్రము మేమెవ్వరిని అడుగలేదు. అడిగినచో ఆ ప్రశ్న మొదట మామీదికే వచ్చును. మేమును కూర్చున్నది ఒక్క నాడే. అదియు దారి తప్పి.

ఈసారి దారి తప్పక పోవుదము.